నాయనమ్మ పచ్చ చీర

"గీ చీర నాది కాదు బిడ్డా. గాయన మీ తాత కాదు."

పదిహేను రోజులు కష్టపడి బాగుచేసిన ఫొటోను చేతిలో పెట్టినప్పుడు మా నాయనమ్మ అన్న మాట ఇది. కోపంతో అనలేదు. కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకొని, మళ్లీ పెట్టుకొని, ఫొటోను గుమ్మం దగ్గరి వెలుతురులోకి తీసుకుపోయి చూసి మరీ అన్నది. నాకు ఏడుపు ఒక్కటే తక్కువ. ఎందుకంటే "స్టూడియోకు డబ్బులెందుకు, నేను చేస్తాను" అని ఇంట్లో అందరి ముందూ గొప్పగా చెప్పింది నేనే.

మాది సోలాపూర్. మా ముత్తాత తెలంగాణ నుంచి మగ్గం పని వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చాడట. తాత మొదట చేతిమగ్గం మీద చీరలు నేశాడు. తర్వాత పవర్‌లూమ్ కార్ఖానాలో టవళ్లు నేశాడు. నాన్న కూడా అదే పని చేస్తున్నాడు. అమ్మా, నాయనమ్మా బీడీలు చుడతారు. మన బడిలో చదివే చాలామంది ఇళ్ల కథ ఇదే కాబట్టి ఎక్కువ చెప్పనక్కర్లేదు.

పోయిన ఏడాది తాత చనిపోయాడు. సంవత్సరీకం నాటికి తాత, నాయనమ్మ కలిసి ఉన్న ఫొటో పెద్దగా ప్రింటు తీయించి గోడకు పెట్టాలని నాన్న అనుకున్నాడు. వాళ్లిద్దరూ కలిసి దిగిన ఫొటో మా ఇంట్లో ఒక్కటే ఉంది. ఒక నారళీ పున్నం నాడు, జంధ్యాలు మార్చుకొని, మార్కండేయుని రథం చూసి వస్తూ స్టూడియోకు వెళ్లి దిగారట. నాయనమ్మ ఆ రోజు కట్టుకున్న చీర తాత తన మగ్గం మీద తానే నేసి ఇచ్చింది. అది అమ్మకానికి నేసింది కాదు, ఆమె కోసమే నేసింది. ఈ సంగతి నాయనమ్మ ఎన్నోసార్లు చెప్పింది. "మీ తాత నేసిన పచ్చ చీర" అని.

కానీ ఆ ఫొటో ట్రంకు పెట్టెలో ఉండి ఉండి మొత్తం ఎర్రబారిపోయింది. తాత ధోతి గులాబీ రంగులో, చీర ఇటుక రంగులో కనిపిస్తున్నాయి. పైన సన్నటి గీతలు, తెల్లటి చుక్కలు కూడా పడ్డాయి. ఇలా ఎందుకవుతుందో మా కంప్యూటర్ సార్ చెప్పారు. పాత కలర్ ప్రింటులో మూడు రంగుల పొరలు ఉంటాయి: సయాన్, మజెంటా, పసుపు. సయాన్ అంటే నీలం, ఆకుపచ్చ కలిసినట్టుండే రంగు. చీకట్లో దాచిన పాత ప్రింట్లలో సాధారణంగా సయాన్ పొరే ముందు వెలిసిపోతుంది. అది పోతే మిగిలేది మజెంటా, పసుపు. రెండూ కలిస్తే ఎరుపు. అంటే ఫొటోలోకి ఎరుపు కొత్తగా వచ్చి చేరలేదు, దాన్ని అదుపులో పెట్టే రంగు పోయింది.

స్టూడియో అన్న ఆ ఫొటోను స్కాన్ చేసి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు. బడి అయిపోయాక ఒక గంట ల్యాబ్‌లో కూర్చోవడానికి సార్ ఒప్పుకున్నారు. ల్యాబ్‌లో గింప్ ఉంది. డబ్బు కట్టకుండా ఎవరైనా వాడుకోగల ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అది. 1995లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఇద్దరు విద్యార్థులు, స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్, దాన్ని మొదలుపెట్టారని సార్ చెప్పినప్పుడు నాకు చాలా ధైర్యం వచ్చింది. విద్యార్థులు తయారుచేయగా లేనిది, నేను వాడలేనా అనుకున్నాను.

మొదటి దెబ్బ ప్లగిన్ దగ్గరే తగిలింది. ప్లగిన్ అంటే సాఫ్ట్‌వేర్‌కు బయటినుంచి తగిలించే అదనపు పనిముట్టు. మగ్గానికి జకార్డ్ పెట్టె బిగించినట్టు అనుకోండి. మగ్గం అదే, కానీ కొత్త డిజైన్లు వస్తాయి. గీతలు, చుక్కలు పోగొట్టడానికి జీమిక్ అనే ప్లగిన్ మంచిదని సార్ చెప్పారు. ఫ్రాన్స్‌లోని కాన్ నగరంలో ఉన్న ఒక పరిశోధనశాలలో తయారైంది అది. వందలకొద్దీ ఫిల్టర్లు ఉంటాయి. డౌన్‌లోడ్ చేశాను. ప్లగిన్ల ఫోల్డర్‌లో వేశాను. గింప్ తెరిచి ఫిల్టర్స్ మెనూ చూస్తే ఏమీ లేదు. తప్పు అని ఒక మాట కూడా రాలేదు. తప్పు చూపిస్తే వెతకవచ్చు, ఏమీ అనకుండా ఊరుకుంటే ఎక్కడ వెతకాలి?

మూడు రోజులు అదే పని. తీసేయడం, మళ్లీ వేయడం, కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టడం. నాలుగో రోజు సార్ వచ్చి, "ఏమేం చేశావో చెప్పు" అన్నారు. నాకు చెప్పడం రాలేదు. అన్నీ కలిపి చేశాను కదా, ఏది ముందు ఏది వెనక గుర్తు లేదు. సార్ నవ్వి ఒక పాత నోట్‌బుక్ ఇచ్చారు. "ఒకసారి ఒక్కటే మార్చు. మార్చింది రాసుకో. ఏం జరిగిందో దాని పక్కన రాయి. దారం తెగితే మగ్గమంతా విప్పుతారా మీ నాన్న?" అన్నారు.

నోట్‌బుక్‌లో నేను రాసుకున్నవి ఇవి.

ఒకటి. గింప్ ఏ వెర్షనో చూడాలి. హెల్ప్ మెనూలో అబౌట్ అని ఉంటుంది. మా ల్యాబ్‌లో ఉన్నది 3.0, 2025 మార్చిలో వచ్చింది. నేను తెచ్చిన ప్లగిన్ 2.10 కోసం చేసింది. లోపలి ఏర్పాటు మారింది కాబట్టి దానికి చేసింది దీనికి పనికిరాదు. 3.0 కోసం వేరేగా ఉన్నది తెచ్చుకోవాలి.

రెండు. గింప్ ఏ ఫోల్డర్‌లో వెతుకుతుందో అదే చెబుతుంది. ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్, అందులో ఫోల్డర్స్, అందులో ప్లగిన్స్. నేను వేసింది అక్కడ కాదు, వేరే చోట!

మూడు. 3.0లో ప్లగిన్ ఫైలును నేరుగా పడేయకూడదు. దాని పేరుతోనే ఒక ఫోల్డర్ ఉండాలి, ఫైలు అందులో ఉండాలి.

నాలుగు. గింప్ తెరుచుకునేటప్పుడే ప్లగిన్లను వెతుకుతుంది. అందుకని ప్రతి మార్పు తర్వాత మూసి మళ్లీ తెరవాలి.

ఈ నాలుగూ సరిచేసేసరికి మెనూలో జీమిక్ పేరు కనిపించింది. ల్యాబ్‌లో ఎవరూ లేకపోయినా గట్టిగా "వచ్చింది!" అని అరిచాను. బయట వరండా ఊడుస్తున్న అక్క లోపలికి తొంగి చూసింది.

ఆ సంతోషంలోనే తప్పులు చేశానని ఇప్పుడు తెలుస్తోంది.

గీతలు పోగొట్టే ఫిల్టర్ పెట్టి, బలం బాగా పెంచాను. గీతలన్నీ మాయం. ముఖాలు నున్నగా వచ్చాయి. ఆ తర్వాత రంగులు. లెవెల్స్ అనే పనిముట్టులో మూడు డ్రాపర్లు ఉంటాయి. తెల్ల డ్రాపర్‌తో తాత ధోతి మీద, నల్ల డ్రాపర్‌తో తాత జుట్టు మీద నొక్కాను. ఫొటోలోని ఎరుపంతా ఒక్కసారిగా దిగిపోయింది. ధోతి తెల్లబడింది. చీర పసుపు రంగుకు వచ్చింది, అంచు ఎర్రగా వచ్చింది. అయ్యో, నాయనమ్మ "పచ్చ చీర" అన్నది కదా, ఇంకా పూర్తిగా రాలేదేమో అనుకున్నాను. హ్యూ-శాచురేషన్‌లో పసుపు ఒక్కటే ఎంచుకొని ఆకుపచ్చ వైపు జరిపాను. చీర చిలకపచ్చగా అయింది. చాలా బాగుంది అనిపించింది.

జేపెగ్ ఫైలుగా తీసి నాన్న ఫోన్‌కు పంపితే ఫోన్‌లో అన్నీ పాలిపోయి ఉన్నాయి. ల్యాబ్ తెర మీద ఉన్న రంగులు ఫోన్‌లో లేవు. ఫోనే మంచిది కాదేమో అనుకొని రంగుల బలం పెంచాను. మళ్లీ పంపాను. మళ్లీ పెంచాను. చీర మెరిసింది, ముఖాలు మాత్రం నారింజ రంగుకు వచ్చాయి. అప్పటికే ఆలస్యమైందని స్టూడియోలో చిన్న ప్రింటు తీయించి ఇంటికి తెచ్చాను. తర్వాత నాయనమ్మ అన్న మాట మీకు మొదట్లోనే చెప్పాను.

ఆ రాత్రి నాన్న ఏమీ అనలేదు. "స్టూడియోకు ఇద్దాంలే" అని మాత్రం అన్నాడు. సంవత్సరీకానికి ఇంకా పన్నెండు రోజులుంది. "వారం రోజులు ఆగు నాన్నా" అన్నాను.

మర్నాడు నోట్‌బుక్ తీసి మూడు తప్పులు విడివిడిగా రాశాను. ఫోన్‌లో రంగు ఎందుకు పాలిపోతోంది? చీర రంగు ఏది? తాత ఎందుకు తాతలా లేడు? మొదటిదానికి సార్ జవాబు చెప్పగలరు. మిగతా రెండింటికీ జవాబు నాయనమ్మ దగ్గరే ఉంది. పదిహేను రోజుల్లో నేను ఆమెను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

మొదటిది ముందు చెబుతాను, ఎందుకంటే ఇది మీలో చాలామందికి పనికొస్తుంది. కంప్యూటర్‌లో రంగు అంటే నిజానికి అంకెలు. ప్రతి చుక్కకూ ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని మూడు అంకెలు ఉంటాయి. ఆ అంకెలను ఎలా చదవాలో చెప్పేదే కలర్ ప్రొఫైల్. ఎస్‌ఆర్‌జీబీ అనేది 1996లో వచ్చింది, ఫోన్లలో, మామూలు తెరల్లో ఎక్కువగా చెల్లేది అదే. 1998లో వచ్చిన అడోబీ ఆర్‌జీబీలో ఇంకా ఎక్కువ రంగులు పడతాయి, ముఖ్యంగా ఆకుపచ్చ, సయాన్ వైపు. స్టూడియో స్కాన్ ఈ రెండో దానిలో ఉంది. ఫైలు తెరిచినప్పుడు గింప్ నన్ను అడిగింది కూడా, ఇలాగే ఉంచాలా, మార్చాలా అని. చదవకుండానే "ఉంచు" నొక్కాను. అది తప్పు కాదు. కానీ జేపెగ్ తీసేటప్పుడు ప్రొఫైల్ కూడా దాచాలా అన్న చోట టిక్ తీసేశాను, ఫైలు చిన్నగా ఉంటుందని. దాంతో ఫోన్‌కు అంకెలు మాత్రమే వెళ్లాయి, వాటిని ఎలా చదవాలో వెళ్లలేదు. ఫోన్ తనకు తెలిసిన ఎస్‌ఆర్‌జీబీగా చదువుకుంది. అందుకే పాలిపోయాయి.

నాకు అర్థం కాలేదని సార్ ఒక ప్రశ్న అడిగారు. "మూడో తరగతిలో మరాఠీ పుస్తకంలో 'గోడ్ ఆంబా' అన్నదాన్ని మీరంతా ఎలా చదివేవాళ్లు?"

నవ్వొచ్చింది. మనందరం చేసిన తప్పే అది. మరాఠీలో ఆ మాట చివర దీర్ఘం, పొల్లు ఏదీ కనపడదు. మన అలవాటు ప్రకారం చదివితే "గోడ" అవుతుంది. గోడ ఆంబా! గోడకు కాసిన మామిడికాయ అనుకున్నాను నేను. మరాఠీలో "గోడ్" అంటే తీపి. అక్షరాలు అవే, చదివిన భాష వేరు.

"అంకెలు ఆ అక్షరాల్లాంటివి, ప్రొఫైల్ భాష లాంటిది" అన్నారు సార్. గింప్‌లో ఇమేజ్ మెనూలో కలర్ మేనేజ్‌మెంట్ కింద రెండు మాటలు ఉంటాయి, అసైన్, కన్వర్ట్. అసైన్ అంటే అక్షరాలు ముట్టుకోకుండా, "దీన్ని ఇక నుంచి తెలుగుగా చదవండి" అనడం. తీపి కాస్తా గోడ అవుతుంది. కన్వర్ట్ అంటే అనువాదం. "గోడ్" తీసేసి "తీపి" అని రాయడం. అక్షరాలు మారతాయి, అర్థం నిలుస్తుంది. ఫొటోను ఫోన్‌కో ప్రింటుకో పంపే ముందు నాకు కావలసింది కన్వర్ట్. అప్పటినుంచి అసైన్ అనే మాట కనిపిస్తే మామిడి గోడే గుర్తుకొస్తుంది.

ఇక చీర. ఆ సాయంత్రం నాయనమ్మ బీడీల చాట ముందు కూర్చుంటే పక్కన కూర్చొని అడిగాను. "నాయనమ్మా, నువ్వే కదా పచ్చ చీర అన్నావు?"

"అవ్, పచ్చ చీరనే."

"నేను పచ్చగానే చేశాను కదా!"

"గది ఆకుపచ్చ బిడ్డా. నేనన్నది పచ్చ. పసుపు కొమ్ము లెక్క ఉంటుండె."

నేను నోరు తెరిచి అలాగే ఉండిపోయాను. పచ్చకామెర్లు వస్తే కళ్లు ఏ రంగులో ఉంటాయి? పసుపే కదా! మన మాటలో పచ్చ అంటే పసుపు కూడా అని నాకు తెలుసు, కానీ బడి పుస్తకాల్లో ఆకుపచ్చే ఎక్కువగా చూసి మరిచిపోయాను. నాయనమ్మ మాటను నేను వేరే ప్రొఫైల్‌తో చదివాను. లెవెల్స్ పెట్టిన రోజు చీర పసుపుగా వచ్చినప్పుడు కంప్యూటర్ సరిగ్గానే చూపించింది. దాన్ని చెడగొట్టింది నేను.

"ఆ చీర ఇప్పుడు లేదా?" అని అడిగితే, లేచి వెళ్లి తాత కప్పుకునే బొంత తెచ్చింది. చిరిగిపోయాక ఆ చీరను కోసి బొంతలో కుట్టిందట. పైన ఉన్న ముక్క వెలిసి తెల్లబడింది. నాయనమ్మ బ్లేడుతో ఒక మూల కుట్లు విప్పి లోపలికి మడిచిన అంచు బయటికి తీసింది. అరచేతిలో సగం కూడా లేదు ఆ ముక్క. చిక్కటి పసుపు, దానికి కుంకుమ రంగు అంచు. ఎండ తగలలేదు కాబట్టి అలాగే ఉంది.

తాత గురించి అడగడానికి భయపడ్డాను. కానీ అడిగాను. నాయనమ్మ నా ఎడమ కనుబొమ్మ మీద వేలు పెట్టి అడ్డంగా గీసింది. "గీడ గీత ఉంటది మీ తాతకు. అది యాడ వోయింది?"

పరుగెత్తి పాత ఫొటో తెచ్చి చూశాను. ఉంది. కనుబొమ్మను రెండుగా కోస్తూ సన్నటి తెల్ల గీత. నేను అది ఫొటో మీద పడ్డ గీత అనుకున్నాను. ప్లగిన్ కూడా అదే అనుకుంది. పాపం దానికేం తెలుసు, గీతలు తీసేయమంటే తీసేసింది. తాత ముఖం మీది ఆ గీత నేను చిన్నప్పటినుంచి చూసిందే. చివరి సంవత్సరాల్లో ముడతల్లో కలిసిపోయి నా కంటికి ఆనలేదు, అంతే.

ఆ గీత ఎలా వచ్చిందో ఆ రోజే నాయనమ్మ చెప్పింది. పవర్‌లూమ్‌లో చేరిన కొత్తలో నాడె మగ్గంలోంచి ఎగిరి వచ్చి తగిలిందట. ఇక్కడ కార్ఖానాల్లో దాన్ని ధోటా అంటారు. కన్ను పోవలసింది, వేలెడు దూరంలో తప్పింది. కట్టు కట్టించుకొని మర్నాడే పనిలోకి పోయాడట, ఒక రోజు కూలి పోతే మా నాన్న బడి ఫీజుకు తక్కువ పడుతుందని. పక్కనే కూర్చున్న నాన్న తల దించుకున్నాడు. ఈ సంగతి నాన్నకు కూడా అప్పటిదాకా తెలియదు.

తర్వాతి ఐదు రోజులూ మళ్లీ మొదటినుంచి చేశాను. మంచి పని ఏమిటంటే స్టూడియో ఇచ్చిన అసలు ఫైలు మీద నేను ఏమీ సేవ్ చేయలేదు. (మీరు కూడా చేయకండి. అసలు ఫైలు పక్కన పెట్టి, నకలు మీదే పని చేయండి.) ఈసారి ఫొటోకు రెండు పొరలు పెట్టాను. పై పొర మీద మాత్రమే ఫిల్టర్, అదీ తక్కువ బలంతో. ఆ పొరకు లేయర్ మాస్క్ తగిలించి, ముఖాలున్న చోట నల్ల రంగు పూస్తే కింది పొరలోని అసలు ముఖాలు పైకి కనిపించాయి. ముఖాల మీద పడ్డ చుక్కలను హీల్ పనిముట్టుతో ఒక్కొక్కటిగా చేత్తో తీశాను. ప్రతి గీత దగ్గరా ఆగి ఆలోచించాను, ఇది ఫొటోదా, తాతదా అని. రంగుకు బొంత ముక్కను కిటికీ పక్కన పెట్టుకొని పగటి వెలుతురులో పోల్చుకున్నాను. చివర్లో ఎస్‌ఆర్‌జీబీకి కన్వర్ట్ చేసి, ప్రొఫైల్ టిక్ ఉంచి, జేపెగ్ తీశాను. ఫోన్‌లోనూ ల్యాబ్‌లోనూ రంగులు దాదాపు ఒకేలా ఉన్నాయి.

పెద్ద ప్రింటుకు ముందు చిన్నది తీయించాను. తెర వెలుతురుతో చూపిస్తుంది, కాగితానికి సొంత వెలుతురు ఉండదు, అందుకని ప్రింటు కొంచెం ముదురుగా వచ్చింది. కాస్త తేట చేసి రెండోది తీయించాను. దాన్ని బొంత ముక్క పక్కన పెట్టి నాయనమ్మకు చూపించాను.

చాలాసేపు చూసింది. వేలితో తాత కనుబొమ్మను తడిమింది. "గిప్పుడు పలుకరిస్తుండు" అన్నది. తర్వాత సూది దారం తెమ్మని, విప్పిన బొంత మూలను మళ్లీ కుట్టేసింది.

సంవత్సరీకం నాడు ఆ ఫొటోకే దండ వేశాం. వచ్చిన చుట్టాల్లో ఒకాయన, "గీత తీసేయిస్తే బాగుండేది కదా, ఇప్పుడు కంప్యూటర్‌లో అన్నీ అవుతాయట" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపే నాన్న అందుకున్నాడు. "తీసింది కాకా, మళ్లీ పెట్టించినం" అన్నాడు. ఆ తర్వాత ధోటా సంగతి మొదటినుంచి చెప్పాడు.

మిత్రులారా, మీ ఇంట్లో కూడా ఇలాంటి ఫొటో ఒకటి పెట్టెలో ఉండే ఉంటుంది. బాగుచేయండి. ప్లగిన్ రాకపోతే వెర్షన్ చూడండి, ఫోల్డర్ చూడండి. కానీ కంప్యూటర్ పెట్టే ముందు ఆ ఫొటోలో ఉన్నవాళ్ల పక్కన ఒక సాయంత్రం కూర్చోండి. ఏ పచ్చ అని అడగండి.